ఎక్స్ ఎంతైతే పాస్?

*మూడు సమీకరణాలు, తెలియని రాశులు మూడు. మన ఇంటర్‌లో అది ఏళ్ల తరబడి ఏడు మార్కుల ప్రశ్న. మస్కట్ కాలేజీలో ఒక రాత్రి చేసే హోంవర్కు. లెక్క ఒక్కటే, మార్కు పడే చోటే వేరు. ఆ చోటు మారితే పిల్లల చదువు తీరూ మారిపోతుంది, పెద్దల కంగారూ మారిపోతుంది.*

గురువారం రాత్రి మస్కట్‌లోని మత్రా కార్నిష్ మీద కూర్చోడానికి చోటు దొరకదు. ఒమన్‌లో వారాంతం శుక్ర, శనివారాలు. పొద్దున్నే లేవాల్సిన పని లేని జనమంతా సముద్రపు గట్టున చేరతారు. ఒకవైపు సూక్ (పాత బజారు) గుమ్మంలోంచి సాంబ్రాణి వాసన, ఇంకోవైపు చేపల మార్కెట్ వాసన, ఎదురుగా రేవులో దీపాలు వెలిగించుకున్న ఓడ. రువి, దర్సయిత్, వాదీ కబీర్‌ల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు పులిహోర డబ్బాలు విప్పుతుంటాయి. కాలేజీలో చేరిన పిల్ల ఒకతి మాత్రం ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచి, "ఫైనల్‌లో ఎంత వస్తే సీ దక్కుతుంది?" అని లెక్కలు వేసుకుంటూ ఉంటుంది.

మస్కట్‌లో తొమ్మిదైతే విజయవాడలో పదిన్నర. వీడియో కాల్‌లో బాబాయి కూతురు పలుకుతుంది. "మాకు ఇప్పుడు మ్యాథ్స్ ఒకటే పేపరక్కా, వందకి. మీకెన్ని?"

"మాకు పేపర్లు కాదే. వారం వారం ఏదో ఒకటి."

పక్కనుంచి తండ్రి అందుకుంటాడు. "అవన్నీ సరేగానీ అమ్మా, మొత్తం మీద ఎంతొచ్చింది?"

సెమిస్టర్ సగంలో ఆ ప్రశ్నకు జవాబు ఉండదు. ఆ సంగతి తండ్రికి అర్థమయ్యేలా చెప్పడం ఏ లెక్కకన్నా కష్టం.

తెలుగు ఇళ్లలో ఈ మాటలు ఇప్పుడు ఎక్కువయ్యాయి, కారణం లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు 2025-26 మొదటి సంవత్సరం నుంచి 1ఏ, 1బీ అన్న రెండు 75 మార్కుల గణితం పేపర్లను కలిపి 100 మార్కుల ఒకే పేపరు చేసింది. సీబీఎస్ఈ 2026 నుంచి పదో తరగతికి ఏడాదిలో రెండు బోర్డు పరీక్షలు తెచ్చింది. మొదటిది తప్పనిసరి, రెండోది మూడు సబ్జెక్టుల దాకా మార్కులు పెంచుకోవడానికి. ఈ రెండు వార్తలూ మత్రా చుట్టుపక్కల ఇళ్లను నేరుగా తాకాయి. ఇక్కడి మన పిల్లల్లో చాలామంది సీబీఎస్ఈ బడుల్లో చదువుతారు. పన్నెండు అయ్యాక కొందరు హైదరాబాద్‌కో విజయవాడకో వెళ్లి బీటెక్‌లో చేరతారు, కొందరు ఒమన్‌లోనే కాలేజీకి వెళతారు, కొందరు అమెరికా విమానం ఎక్కుతారు. ఎటు వెళ్లినా గుమ్మంలో ఎదురయ్యేది ఆల్జీబ్రానే.

మూడు బళ్ల దేశం

ఇవాళ మస్కట్‌లో కాలేజీ బోర్డులు చూసినవాళ్లకు ఒక మాట నమ్మబుద్ధి కాదు. 1970 జులై 23న సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కేనాటికి దేశం మొత్తానికి ఉన్న ప్రభుత్వ బడులు మూడు. చదివేది తొమ్మిది వందల మంది దాకా, అందరూ మగపిల్లలే. ఆ మూడింటిలో ఒకటి మత్రాలోనే ఉంది, 1959లో మొదలైన సయీదియా పాఠశాల. అప్పట్లో తీరంలో రూపాయి చెల్లేది, లోపలి ప్రాంతాల్లో మారియా థెరిసా వెండి నాణెం చెల్లేది. రెండింటి మారకం నోటితో వేయగలిగిన వర్తకులకు ఆల్జీబ్రా పుస్తకం అక్కర్లేదనే అనిపించి ఉంటుంది!

ఆ తర్వాత అంతా పరుగే. 1975లో ఇండియన్ స్కూల్ మస్కట్ మొదలైంది. 1986లో సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయం తొలి విద్యార్థులను చేర్చుకుంది. 1995లో మజాన్ కాలేజీతో ప్రైవేటు ఉన్నత విద్యకు తలుపు తెరుచుకుంది. 2020లో సాంకేతిక కళాశాలలను, అనువర్తిత శాస్త్రాల కళాశాలలను ఒకే విశ్వవిద్యాలయం గొడుగు కిందికి తెచ్చారు. ఒక తరంలోనే ఇన్ని తరగతి గదులు పుట్టుకొస్తే వాటిలో పాఠం చెప్పేవాళ్లు బయటినుంచి రాక తప్పదు. భారతదేశం నుంచి పెద్ద సంఖ్యలో వచ్చారు, వాళ్లలో తెలుగు లెక్చరర్లూ ఉన్నారు.

డిగ్రీకి ముందు ఒక గేటు

ఒమన్‌లో డిగ్రీ మొదటిరోజే మొదలవ్వదు. ముందు ఫౌండేషన్ ఉంటుంది. 2008లో ప్రభుత్వం దీనికి జాతీయ ప్రమాణాలు ఖరారు చేసింది. విషయాలు నాలుగు: ఇంగ్లిషు, గణితం, కంప్యూటరు, చదువుకునే నైపుణ్యాలు. గణితంలో ముందు అందరికీ ఒకే ప్రాథమిక మెట్టు. అది దాటాక దారి చీలుతుంది. కామర్స్, హ్యుమానిటీస్ వైపు వెళ్లేవాళ్లకు అప్లయిడ్, సైన్సు, ఇంజినీరింగ్ వైపు వెళ్లేవాళ్లకు ప్యూర్. చేరగానే ప్లేస్‌మెంట్ పరీక్ష పెడతారు. అందులో నిలబడితే ఫౌండేషన్ గణితం కూర్చోనక్కర్లేదు. సీబీఎస్ఈ పన్నెండులో గణితం చదివిన మన పిల్లలు సాధారణంగా ఇక్కడే దాటిపోతారు.

దాటలేనివాళ్ల సంగతే చూడదగ్గది. ఫౌండేషన్ మార్కులు డిగ్రీ జీపీఏలో, అంటే గ్రేడుల సగటులో, కలవవు, క్రెడిట్లు రావు. కానీ పాస్ కాకపోతే గేటు తీయరు. గొప్ప మార్కు తెచ్చుకున్నా లాభం లేదు, తక్కువైతే మాత్రం నష్టం. పిల్లలకు దీని మీద ఉత్సాహం ఎలా పుడుతుంది? అందుకే హాజరు మీద పట్టు, క్విజ్‌ల మీద క్విజ్‌లు. గైర్హాజరు హద్దు దాటితే ఫైనల్ రాయనివ్వని కాలేజీలూ ఉన్నాయి.

దీని వెనక ఇంకో ముడి ఉంది. ఒమన్ ప్రభుత్వ బడిలో పన్నెండేళ్లు అరబ్బీలో లెక్కలు చేసిన కుర్రాడు ఇక్కడ మొదటిసారి ఇంగ్లిషులో సమస్య చదువుతాడు. సమీకరణం బోర్డు మీద రాసి ఇస్తే నిమిషంలో తేలుస్తాడు. అదే సమీకరణాన్ని "ఒక దుకాణదారు తన సరుకులో మూడో వంతు కన్నా అయిదు తక్కువ అమ్మితే" అని ఇంగ్లిషు వాక్యంలో పెడితే ఆగిపోతాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంటర్ మొదటి వారంలో ఆ ఉక్కిరిబిక్కిరి పడ్డ తెలుగు లెక్చరరు గదిలో ఉంటే ఆ కుర్రాడి తడబాటు ఇట్టే కనిపెడతాడు. కుర్రాడికి లెక్క రాదనుకోడు.

పదిహేను వారాలు, నాలుగు సంచులు

అసలు కాలేజీ ఆల్జీబ్రా అన్న కోర్సు అమెరికా పద్ధతి. అక్కడి విశ్వవిద్యాలయాల్లో మొదటి ఏడాది పిల్లలు ఎక్కువగా కూర్చునే గణితం కోర్సుల్లో ఇదొకటి. ఆ నమూనాలో నడిచే గల్ఫ్ కాలేజీలకూ ఇది వచ్చింది. మామూలుగా మూడు క్రెడిట్లు, అంటే వారానికి మూడు గంటల తరగతి. తరగతిలో గంటకు బయట రెండు గంటల చదువు అని వాళ్ల లెక్క. పదిహేను, పదహారు వారాల సెమిస్టర్. రేఖీయ సమీకరణాలు, అసమీకరణాలతో మొదలై ఫంక్షన్లు, వాటి గ్రాఫులు, వర్గ సమీకరణాలు, బహుపదులు, ఘాతాలు, లాగరిథమ్‌లు, చివర సమీకరణ వ్యవస్థలు, మ్యాట్రిక్స్‌లు. పాఠాల పేర్లు చూస్తే పదకొండో తరగతి దాటిన భారతీయ పిల్లకు నవ్వొస్తుంది. "ఇదంతా మాకు తెలిసిందే!"

ఆ నవ్వుతోనే చాలామంది బోల్తా పడతారు. మొదటి రోజు చేతికొచ్చే నాలుగు పేజీల సిలబస్‌లో పాఠాల పేర్లు చదివి పక్కన పెట్టేస్తారు. చదవాల్సింది మార్కుల వాటాల పట్టిక. హోంవర్కుకు ఇంత, క్విజ్‌లకు ఇంత, మిడ్‌టర్మ్‌లకు ఇంత, ఫైనల్‌కు ఇంత అని మార్కులు నాలుగు సంచుల్లో ఉంటాయి. కాలేజీని బట్టి, ఒక్కోసారి లెక్చరర్‌ను బట్టి వాటాలు మారతాయి. కొందరు అన్నిటికన్నా తక్కువ వచ్చిన క్విజ్‌ను లెక్కలోంచి తీసేస్తారు. ఫైనల్ మాత్రం దాదాపు ఎక్కడైనా మొదటి వారం నుంచి చివరి వారం దాకా అన్నిటి మీదా ఉంటుంది.

మొత్తం మార్కు తేలాక అక్షరం పడుతుంది. అమెరికాలో వాడుకగా 90 పైన ఏ, 80 పైన బీ, 70 పైన సీ, 60 పైన డీ. ఇక్కడో మెలిక ఉంది. డీ వస్తే చాలాచోట్ల కోర్సు పాసైనట్టే, కానీ దాని మీద కట్టే తర్వాతి గణితం కోర్సులో చేరాలంటే సీ కావాలి. పాసయ్యానని ఇంటికి ఫోన్ చేసిన పిల్లాడే మళ్లీ అదే కోర్సుకు ఫీజు కడతాడు.

> వేసి చూద్దాం
>
> ఉదాహరణకు వాటాలు ఇలా ఉన్నాయనుకుందాం: హోంవర్కు 15, క్విజ్‌లు 15, మిడ్‌టర్మ్‌లు రెండు, ఒక్కోటి 20, ఫైనల్ 30.
>
> ఒక అమ్మాయికి హోంవర్కులో 90 శాతం వచ్చింది, అంటే 13.5. క్విజ్‌లలో 80 శాతం, అంటే 12. మిడ్‌టర్మ్‌లలో 60, 70 శాతం, అంటే 12, 14. ఇప్పటికి చేతిలో 51.5.
>
> సీ కోసం 70 కావాలి. తక్కువైంది 18.5. ముప్పైలో 18.5 అంటే ఫైనల్‌లో 62 శాతం. అందేదే. బీ కోసమైతే 28.5, అంటే 95 శాతం. చెమటలు పడతాయి.
>
> అదే అమ్మాయి "తెలిసిన లెక్కలే కదా" అని హోంవర్కు ఒక్కటీ చేయలేదనుకోండి. చేతిలో 38. సీ కోసం ఇంకా 32 కావాలి. ఫైనల్‌లో ఉన్నవే 30!

మన దగ్గర బోర్డు పరీక్షల్లో తొంభైలు దాటిన పిల్లలు ఈ కోర్సులో సీతో సరిపెట్టుకోవడం వెనక కథ సాధారణంగా ఇదే. లెక్క రాక కాదు. ఆదివారం రాత్రి పన్నెండుకు మూతపడే ఆన్‌లైన్ హోంవర్కును చదువు కింద లెక్కపెట్టక.

18వ ప్రశ్న ఫంక్షన్స్‌దే

ఇంటర్ చదివినవాళ్లకు వేరే రకం తెలివి అబ్బుతుంది. పాత 1ఏ పేపరును గుర్తు చేసుకోండి. రెండు మార్కులవి పది, అన్నీ రాయాలి. నాలుగు మార్కులవి ఏడింటిలో అయిదు, ఏడు మార్కులవి ఏడింటిలో అయిదు. మొత్తం 75, పాస్ 26. అంతవరకు అందరికీ తెలుసు. లెక్చరర్లకు, ట్యూషన్ మాస్టార్లకు, చివరికి హాస్టల్ వార్డెన్‌కు కూడా తెలిసిన రహస్యం ఇంకొకటి ఉండేది. 18వ ప్రశ్న ఫంక్షన్స్‌లోంచి వచ్చేది. 19 ఇండక్షన్. 20, 21 మ్యాట్రిసెస్. 22 వెక్టర్ల లబ్ధం. 23 ట్రిగొనామెట్రీ. 24 త్రిభుజ ధర్మాలు. ఇంత తెలిశాక ఏ పిల్లాడైనా ఏం చేస్తాడు? ఇండక్షన్‌లో పదిహేను లెక్కలు, మ్యాట్రిసెస్‌లో ఇరవై, ముత్యాల్లాంటి దస్తూరీతో బట్టీ పట్టేస్తాడు. ఏడుకు ఏడూ పడతాయి. ఇండక్షన్ దేనికని అడిగితే మాత్రం మొహం చూస్తాడు.

దీన్ని వెటకారం చేయడం సులువే. కానీ ఆ పేపరు చేసిన మేలూ చిన్నది కాదు. శ్రీకాకుళం పల్లెలో చదివినా, విజయవాడ కార్పొరేట్ కాలేజీలో చదివినా అదే పేపరు. దిద్దేవాళ్లకు పిల్లాడి పేరు తెలియదు, ఊరు తెలియదు. హోంవర్కు మార్కు, హాజరు మార్కు లెక్చరర్ చేతిలో ఉన్నచోట ఆ నమ్మకం అంత తేలిగ్గా కుదరదు. ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇంటర్నల్స్ మీద పిల్లలు చెప్పుకునే కథలు ఎన్ని విన్నాం! జేఎన్టీయూ హైదరాబాద్ 2022 నాటి నిబంధనల్లో ఇంటర్నల్ వాటాను 40కి పెంచి, సెమిస్టర్ చివరి పరీక్షకు 60 ఉంచింది. గాలి ఎటు వీస్తోందో దాన్నిబట్టే తెలుస్తుంది.

వారం వారం మార్కులకూ, ఒక్క బోర్డు పేపరుకూ మధ్య నిలబడింది సీబీఎస్ఈ. పదో తరగతి గణితంలో 80 బోర్డు పరీక్షకు, 20 బడి చేతిలో. ఆ 80లో ఆల్జీబ్రా వాటా 20, అన్ని అధ్యాయాల్లోనూ పెద్దది. ఇక గ్రేడు దగ్గర మత్రా తల్లులు తికమకపడే సంగతి ఒకటి ఉంది. సీబీఎస్ఈ ఏ1 అంటే ఫలానా మార్కు దాటినవాళ్లకు ఇచ్చేది కాదు. పాసైనవాళ్లందరినీ వరసలో నిలబెట్టి, పైనున్న ఎనిమిదో వంతుకు ఇచ్చేది. కాలేజీలో గ్రేడు నీ మార్కును బట్టి వస్తే, ఇక్కడ పక్కవాళ్ల మార్కును బట్టి కూడా వస్తుంది.

> ఒక్క పరీక్షతో కోర్సే దాటొచ్చు
>
> అమెరికాలో కాలేజీ ఆల్జీబ్రా తరగతికి వెళ్లకుండానే క్రెడిట్లు తెచ్చుకునే దారి ఉంది. క్లెప్ అనే పరీక్షలో 60 ప్రశ్నలు, 90 నిమిషాలు. స్కోరు 20 నుంచి 80 మధ్య ఉంటుంది. 50 వస్తే క్రెడిట్ ఇవ్వవచ్చని సిఫార్సు. తీసుకోవాలా వద్దా అన్నది ఆయా విశ్వవిద్యాలయం ఇష్టం. చేరబోయే చోట ఒప్పుకుంటారో లేదో కనుక్కుని రాస్తే ఒక కోర్సు ఫీజు మిగులుతుంది.

ఎర్ర గ్లాసు పెడితే సాయం

ఇంత జాగ్రత్తగా వాటాలు పంచినా అమెరికాలో ఈ కోర్సు పేరు మంచిది కాదు. చేరినవాళ్లలో మూడో వంతు, కొన్నిచోట్ల సగం దాకా డీ, ఎఫ్ తెచ్చుకోవడమో మధ్యలో వదిలేయడమో మామూలైపోయింది. దీనికి మందు వెతుకుతూ వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం 1997లో ఒక వింత చేసింది. మూతపడ్డ డిపార్ట్‌మెంట్ స్టోరును తీసుకుని అందులో అయిదు వందలకు పైగా కంప్యూటర్లు పెట్టింది. తరగతి లేదు, ఉపన్యాసం లేదు. పిల్లలు ఎవరికి వీలైన వేళ వాళ్లు వచ్చి తెర మీద లెక్కలు చేస్తారు. ఎక్కడైనా చిక్కుపడితే కంప్యూటర్ మీద ఎర్ర ప్లాస్టిక్ గ్లాసు పెడతారు. అటూ ఇటూ తిరుగుతున్న సహాయకుడు ఆ గ్లాసు చూసి వస్తాడు. ఈ పద్ధతిని తర్వాత చాలా కాలేజీలు అందుకున్నాయి.

నాకు ఆ గ్లాసు నచ్చింది. చెయ్యెత్తి "సార్, నాకు రాలేదు" అనడానికి నలుగురి ముందు సిగ్గుపడే పిల్లలు మన ఇళ్లలో ఎక్కువ. కానీ తెర మీద హోంవర్కుకు ఒక జబ్బుంది. తప్పు చేస్తే అదే రకం లెక్క అంకెలు మార్చి మళ్లీ ఇస్తుంది. పదిసార్లు తప్పినా పదకొండోసారి కుదిరితే నిండు మార్కే. పైగా 2014లో ఫొటోమ్యాత్ వచ్చాక ఫోన్ కెమెరా చూపిస్తే చాలు, మెట్లతో సహా జవాబు పడుతోంది. ఇప్పుడు కృత్రిమ మేధ సరేసరి. హోంవర్కులో 98, మిడ్‌టర్మ్‌లో 41 తెచ్చుకునే పిల్లల పట్టిక చూసి లెక్చరర్లు నిట్టూరుస్తున్నారు. అందుకే కొన్నిచోట్ల కొత్త షరతు పెట్టారు. మొత్తం ఎంతున్నా, ఫైనల్‌లో కనీస మార్కు రాకపోతే పాస్ లేదు. తిరిగి తిరిగి మళ్లీ మన మూడు గంటల పరీక్ష దగ్గరికే వచ్చారన్నమాట!

మార్కులు ఉబ్బితే ఏమవుతుందో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియాగో శాఖ 2025 నవంబరులో బయటపెట్టింది. కొత్తగా చేరినవాళ్లలో సుమారు ఎనిమిది మందికి ఒకరి గణితం హైస్కూలు స్థాయికి దిగువన ఉంది. 2020తో పోలిస్తే అలాంటివాళ్లు దాదాపు 30 రెట్లు పెరిగారు. కోవిడ్ కాలపు చదువు, ప్రవేశాల్లో ప్రామాణిక పరీక్షలు ఎత్తేయడం, బడుల్లో ధారాళంగా వేసిన గ్రేడ్లు అని కారణాలు చెప్పారు. ఆ వెనకబడ్డ పిల్లల్లో హైస్కూలు గణితంలో నిండు గ్రేడు తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు.

అందుకని వారం వారం మార్కులు వద్దనడం నా ఉద్దేశం కాదు. మూడు గంటల్లో తేల్చేసే పేపరు పిల్లాడికి జ్వరం వచ్చిన రోజును కూడా అతని తెలివిగానే లెక్కేస్తుంది. వాటాలు పంచడం మంచిదే, ఒక్క సంచి అయినా నిఘాలో, కాగితం మీద, చేత్తో రాసేదిగా ఉంటే. ఆ సంచి ముప్పైకి తగ్గితే మాత్రం అక్షరం మీద నాకు నమ్మకం తగ్గుతుంది.

డబ్ల్యూ అంటే ఏంటమ్మా?

తెలుగు ఇంట్లో అన్నిటికన్నా మింగుడుపడనిది డబ్ల్యూ. సెమిస్టర్ సగం దాటాక ఒక తేదీ ఉంటుంది. ఆ లోపు కోర్సు వదిలేసుకుంటే మార్కుల జాబితాలో డబ్ల్యూ పడుతుంది. పాసూ కాదు, ఫెయిలూ కాదు. జీపీఏకి దెబ్బ తగలదు. కట్టిన డబ్బు మాత్రం సాధారణంగా తిరిగి రాదు. మధ్యలో లేచి వచ్చేయడం మన పెద్దల దృష్టిలో ఓడిపోవడమే. "ఎలాగోలా రాసెయ్, దేవుడున్నాడు" అంటారు. పిల్ల రాస్తుంది. ఎఫ్ పడుతుంది. జీపీఏ 2.0 కిందికి జారితే చాలాచోట్ల ప్రొబేషన్ కాగితం వస్తుంది, స్కాలర్‌షిప్ ఉంటే అదీ ఊగిసలాడుతుంది. ముందే లెక్క వేసుకుని, ఫైనల్‌లో వందకు 104 కావాలని తేలినప్పుడు తేదీ లోపు తప్పుకున్న పిల్లకు ఆల్జీబ్రా కొంతైనా అబ్బిందనే నేనంటాను.

ఇంకో అలవాటు కూడా మనవాళ్లకు రాదు. కాలేజీ లెక్చరర్లు చాలాచోట్ల వారంలో ఫలానా గంటలు గదిలో ఉంటామని తలుపు మీద రాసి పెడతారు. ఆ గంటల్లో వెళ్లి దిద్దిన మిడ్‌టర్మ్ ముందు పెట్టి, ఈ మెట్టులో మూడు మార్కులు ఎందుకు పోయాయని అడగొచ్చు. అడిగితే విసుక్కోరు, అది వాళ్ల ఉద్యోగంలో భాగం. మనవాళ్లు ట్యూషన్‌కు డబ్బు కడతారు గానీ ఆ తలుపు తట్టరు. మాస్టారి దగ్గరికి వెళ్లడమంటే తప్పు ఒప్పుకోవడానికే అని చిన్నప్పటి నుంచీ మనసులో పడిపోయింది మరి.

డబ్ల్యూ తీసుకున్నవాళ్లకు, సీ అందనివాళ్లకు మిగిలేది వేసవి కోర్సు. పదిహేను వారాల పాఠం ఆరో ఎనిమిదో వారాల్లో కుక్కి చెబుతారు. దాదాపు రోజూ తరగతి, వారానికో పరీక్ష. గల్ఫ్‌లోని ఇండియన్ బడులకు సెలవులు వచ్చేదీ, విమానం టికెట్ల ధర చుక్కలనంటేదీ ఆ రోజుల్లోనే. తమ్ముడికి సెలవులు, అమ్మమ్మగారింట్లో పెళ్లి, అక్కకు మాత్రం లాగరిథమ్‌ల మీద క్విజ్. ఇలాంటి ఇంట్లో వేసవి టికెట్లు కొనేముందు తండ్రి అడగాల్సిన ప్రశ్న "ఎంతొచ్చింది" కాదు, "ఏ సంచిలో ఎంత మిగిలింది" అని. దానికి ఫిబ్రవరిలోనే జవాబు దొరుకుతుంది. టికెట్ ధర కూడా అప్పటికి పెరిగి ఉండదు.